పచ్చబొట్టు కాపాడునా?



బెజవాడనుండి బందరు పోవు రోడ్డున కంకిపాడు చుట్టుపట్ల పల్లెలలో వృద్ధ తల్లుల ముంజేతులను నీవు చూచియుందువు. చుక్కలు, పువ్వులు, పెనిమిటి పేరు, కొందరికి తేలు బొమ్మ. పూర్వము ఎరుకల స్త్రీలు ఇంటింటికి వచ్చి, సూదులను కట్టగా కట్టి, మసిని ఆకుపసరుతో కలిపి వీటిని పొడిచెడివారు. చర్మపు పైపొర రాలి మరల పుట్టుచుండును గాని, ఆ మసి లోపొరలో నిలుచును. అందుచేతనే అది చెరగదు.

చెరగని దానిపై మనుష్యునికి నమ్మిక పుట్టును. నొప్పియున్న కీలుమీద పొడిపించుకొనువారును, దిష్టి తగులకుండ బిడ్డకు పొడిపించువారును, చచ్చిన తరువాత వెంట వచ్చు సొమ్ము ఇదియొక్కటే యనువారును కలరు.

రంగూను రేవులో మన తెలుగు కూలీలు వేలకొలది పనిచేయుచున్న దినములలో, 1930 డిసెంబరున, బర్మా రైతులు సయా సాన్ అనువాని వెంట తిరుగబడిరి. వారి కష్టము నిజమైనది. ధాన్యపు ధర పడిపోయినను పన్నులు వారిని విడువలేదు. గుండు తగులదని నమ్మి అనేకులు గరుడ పక్షిని ఒంటిమీద పొడిపించుకొని తుపాకుల యెదుటికి నడిచిరి. మసి గుండును ఆపలేదు. 1931లో సయా సాన్ ఉరితీయబడెను.

నేటి పిల్లల ఆటలలో వీరుడు తన పచ్చబొట్టును తాకగా అగ్ని పుట్టును. అది ఆటయని పిల్లలెరుగుదురు. పెద్దలమైన మనమెరుగుదుమా?

అట్లయిన సిలువ గుర్తును పొడిపించుకొనవచ్చునా యని నీవడుగుదువు. లేవీయకాండము 19:28 ఇశ్రాయేలీయులకు దేహముమీది గుర్తులను నిషేధించుచున్నది. అయినను ఐగుప్తులోని కోప్తు క్రైస్తవులలో అనేకులు మణికట్టున సిలువ ధరింతురు. శ్రమ వచ్చినపుడు తాము ఎవరివారో దాచుకొనకుండుటకే అది వారికి సాక్ష్యము. గుర్తును గాక హృదయమును పరీక్షింపుము. “నేను ఆయనవాడను” అనుట సాక్ష్యము. “ఇది నన్ను కాపాడును” అనుట మంత్రము. మంత్రము దేవుని చేతిని మెలిపెట్టి పని చేయించుకొనజూచును. ప్రార్థన మన చేతిని ఆయన చేతిలో పెట్టును.

తెరువకుండ తలక్రింద పెట్టుకొను బైబిలు, దిష్టికని బిడ్డ మెడలో కట్టు సిలువ, ఇవి ఏ కోవకు చెందునో నీవే తీర్పు తీర్చుకొనుము.

ఎఫెసులో విశ్వసించినవారు తమ మాంత్రిక పుస్తకములను కాల్చివేసిరి, వాటి వెల యేబది వేల వెండి నాణెములు (అపొ. కార్య. 19). పుస్తకమును కాల్చవచ్చును, చర్మమును కాల్చుటెట్లు? బాల్యమున ఎవరో పట్టుకొని పొడిపించిన గుర్తుతోనే ఒక తల్లి రక్షణలోనికి వచ్చును. ప్రభువు బల్లయొద్ద చేయి చాపుటకు సిగ్గుపడి, పమిటచెంగుతో కప్పుకొనును. ప్రక్కనున్నవారు గుసగుసలాడుదురు. ఆ గుర్తుకు ఆమెను కాపాడు శక్తి లేదని మనము ప్రకటించితిమి గదా! మరి ఆమెను ప్రభువునుండి వేరుచేయు శక్తి దానికెక్కడనుండి వచ్చెను? అట్లు తలంచు నీవే దానికి మంత్రబలము నిచ్చుచున్నావు.

దేవుడు తన ప్రజలను తన అరచేతులమీద చెక్కుకొనెనని యెషయా 49:16 తెలుపుచున్నది. పునరుత్థానుడైన ప్రభువు మేకుల గుర్తులను దాచక తోమాకు చూపెను. మనలను కాపాడునది మన చర్మముమీది గుర్తు కాదు, ఆయన చేతులలోని గాయమే.

వచ్చు ఆదివారమున ఆ తల్లి నీ ప్రక్కన మోకరించినయెడల ఆమె చేతివైపు చూడకుము. నీ చేతిని ఆమె చేతి ప్రక్కనే చాపుము.