పడినవాడు ఎవరివాడు?

ఒకసారి రక్షణ పొందిన విశ్వాసి దాన్ని మళ్లీ పోగొట్టుకుంటాడా? దోమలగూడ చుట్టుపక్కల ఈ ప్రశ్నకు ఒక్క జవాబు దొరకదు. నారాయణగూడ బాప్తిస్టు సంఘం వెనకున్న సంప్రదాయం, నిజంగా తిరిగి జన్మించినవాణ్ణి దేవుడే చివరిదాకా నిలబెడతాడంటుంది. మెదక్ అధ్యక్ష మండలంలోని సీఎస్‌ఐ సంఘాలకు మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ వారసత్వం ఉంది. విశ్వాసాన్ని చేతులారా వదులుకున్నవాడు కృప నుంచి జారిపోతాడని ఆ వారసత్వం హెచ్చరిస్తుంది. కతోలిక గురువులైతే చావైన పాపం కృపను పోగొడుతుందని, గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంతో అది మళ్లీ దక్కుతుందని బోధిస్తారు. ఒకే ఇంటి అన్నదమ్ములు ఆదివారం పొద్దున మూడు మందిరాలకు వెళ్లి, మూడు జవాబులు విని, మధ్యాహ్నం ఒకే పంక్తిలో భోజనం చేసే ఊరిది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి ముషీరాబాదు వైపు వెళ్తే గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను వస్తుంది. 1950 నుంచి భక్త్ సింగ్ సేవకు అది కేంద్రం. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లండుకూ అక్కణ్ణుంచి కెనడాకూ వెళ్లిన ఆయన, 1929 డిసెంబరులో విన్నిపెగ్ నగరంలో క్రీస్తును నమ్మారు. 1933లో దేశానికి తిరిగొచ్చి సువార్తికుడయ్యారు. 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూస్తే నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆయన ప్రభావంతో తెలుగు నేల అంతటా వెలసిన సహవాసాల్లో బాప్తిస్మానికి ముందు సాక్ష్యం అడుగుతారు. ఎప్పుడు రక్షణ పొందావు, ఎలా పొందావు, నిశ్చయత ఉందా? తల్లిదండ్రులు విశ్వాసులైనంత మాత్రాన బిడ్డ విశ్వాసి అయిపోడన్నది అక్కడి పట్టుదల. అందుకే ఈ ప్రశ్న అక్కడ మరింత పదునెక్కింది. పొందిన రోజంటూ ఒకటి ఉన్నప్పుడు, పోగొట్టుకునే రోజూ ఉంటుందా?

తెలుగువాళ్లలో ఎవరికి ఏ జవాబు అందిందన్నది చాలావరకు పుట్టిన జిల్లాను బట్టి తేలింది. మిషనరీ సంఘాలు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా హద్దులు పెట్టుకున్నాయి. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు చేరాడు కాబట్టి అక్కడ లూథరన్ బోధ నాటుకుంది. నీతిమంతుడిగా తీర్చబడినవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేడనే మాటను 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఖండించింది. పడినవాడు పశ్చాత్తాపపడితే మళ్లీ క్షమాపణ ఉందనీ అదే ప్రకటన చెప్పింది. నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టులవి. హైదరాబాదు, మెదక్ వెస్లియన్ మెథడిస్టులవి. వాళ్ల మిషనరీ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ అయింది. గుంటూరు రైతుకూ మెదక్ కూలీకీ తెలియకుండానే, ఐరోపాలో మూడు శతాబ్దాలు నడిచిన వాదం వాళ్ల ప్రార్థనల్లోకి వచ్చి చేరింది.

ఆ వాదానికి కొన్ని మైలురాళ్లున్నాయి. 1547లో కతోలికుల ట్రెంట్ మహాసభ, ఒకసారి నీతిమంతుడైనవాడు కృపను పోగొట్టుకోలేడనే బోధను తోసిపుచ్చింది. 1610లో హాలెండులో దైవశాస్త్ర పండితుడు అర్మీనియస్ శిష్యులు అయిదు అంశాలతో ఒక విన్నపం రాశారు. విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్న అంశం దగ్గర వాళ్లు కూడా తీర్పు చెప్పలేదు, లేఖనాలను ఇంకా పరిశీలించాలన్నారు. కాల్విన్ బోధను పాటించే సంఘాలు జరిపిన 1618–19 డోర్ట్ సభ వాళ్లకు ఎదురుగా నిలిచి, ఎన్నుకున్నవారిని దేవుడు విడిచిపెట్టడని తీర్మానించింది. 1751లో జాన్ వెస్లీ పరిశుద్ధుల స్థిరత్వం గురించి ఒక పుస్తకం రాసి, నిజమైన విశ్వాసి కూడా నశించవచ్చని వాదించాడు. ఎన్నిక, కృపల విషయంలో ఆయనకూ తోటి సువార్తికుడు జార్జ్ వైట్‌ఫీల్డ్‌కూ మధ్య స్నేహం దెబ్బతినేంత విభేదం వచ్చింది. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

తెలుగు నేలకు ఆ సయోధ్య మరో రూపంలో వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు, కాల్విన్ బాటలో పెరిగిన ప్రెస్బిటీరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ, వెస్లీ బాటలో పెరిగిన మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ ఒకే సంఘంగా కలిశారు. ఈ ప్రశ్న తేలితేనే కలుస్తామని ఎవరూ పట్టుబట్టలేదు. రెండు జవాబులవాళ్లూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నారు.

రెండు పక్షాలకూ లేఖనం ఉంది కాబట్టే వాదం తెగలేదు. తన గొర్రెలను తండ్రి చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యేసు చెప్పిన మాట యోహాను పదో అధ్యాయంలో ఉంది. క్రీస్తు ప్రేమ నుంచి మరణమూ జీవమూ కూడా వేరు చేయలేవని పౌలు రోమా ఎనిమిదిలో రాశాడు. మరోవైపు హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం, ఒకసారి వెలిగించబడి, పరలోక వరాన్ని రుచి చూసి తొలగిపోయినవారిని తిరిగి మారుమనసుకు తేవడం అసాధ్యమంటుంది. పౌలుతో పనిచేసిన దేమా లోకాన్ని ప్రేమించి ఆయనను విడిచి వెళ్లాడు. ఆ తర్వాత దేమా ఏమయ్యాడో లేఖనం చెప్పదు.

బాప్తిస్టు పక్షంవారు సాధారణంగా యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయాన్ని చూపిస్తారు. వెళ్లిపోయినవాళ్లు మొదటినుంచీ మనవాళ్లు కారన్నది దాని సారాంశం. ఈ జవాబు దేవుడి నమ్మకత్వాన్ని కాపాడుతుంది. కాని ఇరవై ఏళ్లు బోధించి, ఏడ్చి ప్రార్థించి, ఆ తర్వాత వదిలేసిన మనిషి విశ్వాసం ఎన్నడూ నిజం కాదంటే, ఇవాళ నిలబడి ఉన్నవాడు తనది నిజమని దేన్ని బట్టి చెప్పుకుంటాడు? వెస్లీ పక్షానికీ ఇలాంటి చిక్కే ఉంది. పోగొట్టుకోవచ్చు సరే, ఏ పాపంతో, ఏ రోజున? ఆ గీత ఎక్కడుందో తెలియని సున్నిత మనసులు ప్రతి ఉజ్జీవ కూటంలో చెయ్యెత్తి మళ్లీ మళ్లీ రక్షణ పొందుతూ ఉంటాయి. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అది మనిషిని లోపలినుంచి తినేస్తుంది.

ఈ సందిగ్ధం క్రైస్తవులకే పరిమితం కాదు. శ్రీవైష్ణవంలో వేదాంతదేశికుల సంప్రదాయం మర్కట కిశోర న్యాయం చెబుతుంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిళ్లై లోకాచార్యుల సంప్రదాయానిది మార్జాల కిశోర న్యాయం. పిల్లి తన కూనను నోట కరచుకుని పోతుంది, కూన చేసేదేమీ లేదు. చిక్కడపల్లి వేంకటేశ్వరాలయానికి వెళ్లే పెద్దలకు ఈ రెండూ తెలిసినవే. దోమలగూడ రామకృష్ణ మఠంలో గీత చదివేవారికి ఆరో అధ్యాయంలో అర్జునుడి ప్రశ్న గుర్తుంటుంది. శ్రద్ధ ఉండీ మధ్యలో యోగం నుంచి జారినవాడి గతి ఏమిటని అతడు అడుగుతాడు. అలాంటివాడికి నాశనం లేదన్నది కృష్ణుడి జవాబు. ఆ సిద్ధాంతాలు వేరు, పునర్జన్మ సంగతి వేరు. మనిషి పట్టు సడలితే దేవుడి పట్టు ఏమవుతుందన్న ఆదుర్దా మాత్రం అన్నిచోట్లా ఉంది.

పుస్తకాల్లో తెగని ఈ ప్రశ్నను సంఘం ఒకప్పుడు వీధిలో నిలబడి తేల్చవలసి వచ్చింది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్ ప్రజలంతా దేవతలకు బలి అర్పించి, అధికారుల దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. అలాంటి పత్రాలు నలభైకి పైగా ఈజిప్టులో పపైరస్ మీద దొరికాయి. కొందరు క్రైస్తవులు బలి అర్పించారు. ఇంకొందరు బలి జోలికి పోకుండా డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లంతా ఏడుస్తూ సంఘం తలుపు దగ్గరికి వచ్చారు. రోములో నోవేషియన్ అనే సంఘ పెద్ద వాళ్లను చేర్చుకోనన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ నేతృత్వంలో 251లో కూడిన సభ ఒక్కొక్కరి సంగతి విడివిడిగా విచారించమంది. పత్రం కొన్నవారిని విచారణ తర్వాత చేర్చుకున్నారు. బలి అర్పించినవారికి దీర్ఘ పశ్చాత్తాపం విధించి, మరణశయ్య మీద తిరిగి చేర్చుకోవాలన్నారు. మళ్లీ హింస ముంచుకొస్తుందన్న సూచనలు కనిపించగానే, పశ్చాత్తాపపడుతున్నవారందరినీ చేర్చుకున్నారు. రాబోయే పరీక్షలో వాళ్లకు బలం కావాలన్నది కారణం. 258లో సిప్రియన్ హతసాక్షి అయ్యాడు. తరవాతి శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోస్, నోవేషియన్ అనుచరులకు జవాబిస్తూ, హెబ్రీ ఆరో అధ్యాయం రెండోసారి బాప్తిస్మాన్ని నిషేధిస్తుందే తప్ప పశ్చాత్తాపాన్ని కాదని వాదించాడు.

ధ్రువపత్రం గొడవ పాతకాలంతో పోలేదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదివే యువతలో విశ్వాసుల పిల్లలూ ఉంటారు. దరఖాస్తులో కులం గడి దగ్గర దళిత కుటుంబాలవారి చెయ్యి ఆగుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలూ వాళ్ల సంతానమూ తెలంగాణలో బీసీ-సీ కింద వస్తారు. ఆ వర్గానికి రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలకు 15 శాతం. క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు అంది. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా గానీ అట్రాసిటీ చట్టం రక్షణ గానీ ఉండవని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో తీర్పు చెప్పింది.

బాప్తిస్మంతో కులం పోలేదు. ఊళ్లో వాడ మారలేదు, కొన్ని చోట్ల సంఘాలు కూడా మాల, మాదిగ అని విడిగానే ఉన్నాయి. వివక్ష మిగిలి, దానికి రక్షణ మాత్రం పోయిందన్న బాధలో న్యాయముంది. అయినా ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి, సోమవారం కాగితం మీద ఆయన ఎవరో తెలియదన్నట్టు సంతకం పెట్టిన పిల్లవాడి మనసు నెమ్మదిగా ఉండదు. మనుషుల ముందు తనను ఎరుగననేవాణ్ణి తానూ ఎరుగనంటానని యేసు మత్తయి పదో అధ్యాయంలో చెప్పిన మాట అతడు చిన్నప్పుడే కంఠస్థం చేసి ఉంటాడు. డెసియస్ కాలంలో పత్రం లేకపోతే ప్రాణాలకే ముప్పు ఉండేది, ఇక్కడ ఉద్యోగం పోతుంది. ఒత్తిడి ఒకటి కాదు, కాని అడిగే ప్రశ్న ఒకటే.

ఆ సంతకంతో అతడి రక్షణ పోయిందని పీఠం మీంచి చెప్పే హక్కు ఎవరికీ లేదు. మత్తయి పదిలోని ఆ హెచ్చరికను విన్న పేతురే మూడుసార్లు ఎరుగనన్నాడు. అదే పేతురును యేసు గలిలయ సరస్సు ఒడ్డున పిలిచి తన గొర్రెలను అప్పగించాడు. అలాగని అబద్ధం అబద్ధం కాకుండా పోదు. దానికి సరిదిద్దుకోవడం ఉంది, నష్టపోవడం కూడా ఉండవచ్చు. హెబ్రీ పత్రికలోని గద్దింపు, నిలబడి ఉన్నానని అనుకునేవాడు తనకు తాను చదువుకోవలసింది. దాన్ని పడినవాడి మీద ప్రయోగించినప్పుడు మాత్రం నోవేషియన్ తప్పే మళ్లీ జరుగుతుంది. యోహాను పది పడినవాడికి వినిపించవలసింది. నిలబడినవాడు దాన్ని తన అజాగ్రత్తకు అడ్డం పెట్టుకుంటే దాని అర్థమే పోతుంది. ఏ వాక్యం ఎవరికన్నది తెలిసిన కాపరి దగ్గర రెండు జవాబులూ కొట్లాడుకోవు. డోర్ట్ సభ కూడా దావీదు, పేతురుల ఘోరమైన పతనాన్ని ఒప్పుకుంది. వెస్లీ కూడా వెనుకబడినవాడు తిరిగి రావచ్చన్నాడు. ఇంటి నుంచి వెళ్లిపోయిన కొడుకు కోసం కాల్విన్ బోధ నమ్మిన తల్లీ వెస్లీ బోధ నమ్మిన తల్లీ చేసే ప్రార్థనలో తేడా ఉండదు.

చేసే ప్రార్థన ఒకటే అయినా, చాలా సంఘాల్లో పడినవాడితో వ్యవహరించే పద్ధతి మాత్రం లేదు. తప్పు చేసినవాణ్ణి బల్లకు దూరంగా ఉంచడం వెంటనే జరుగుతుంది. తిరిగి చేర్చుకోవడానికి గడువూ మార్గమూ ఉండవు. కొరింథులో తప్పు చేసినవాణ్ణి వెలివేయమని మొదటి పత్రికలో రాసిన పౌలు, రెండో పత్రికలో శిక్ష పొందినవాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమన్నాడు. రెండు పత్రికల్లోని ఆ మనిషి ఒకడేనని చాలామంది భావిస్తారు. శిక్షించి, ఆ తర్వాత చేర్చుకోవడం, కార్తేజి పెద్దలు చేసింది కూడా ఇదే. బాప్తిస్మ తరగతిలో హెబ్రీ ఆరూ యోహాను పదీ కలిపి బోధించడం, దళిత యువతకు కులధ్రువీకరణ సంగతి, దాని వెల, చట్టం ఏమంటుందో దరఖాస్తు కంటే ముందే వివరించడం, క్రమశిక్షణలో ఉన్నవారి ఇంటికి పెద్దలు ఎప్పుడెప్పుడు వెళ్లాలో, ఎలా తిరిగి చేర్చుకోవాలో సంఘ నియమావళిలో రాసిపెట్టుకోవడం ఏ సిద్ధాంతపు సంఘమైనా ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన పనులు.