అభయదానము లేని విద్యాదానము

శ్రావకులు చేయదగిన దానములు నాలుగని జైనాచార్యులు బోధించియున్నారు. అవి ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. వేలూరు, గుడియాత్తం వర్తక కుటుంబములకు మొదటి మూడును బాగుగ తెలిసినవే. అన్నదానమునకు బియ్యపు మూటలు పంపుదురు, రోగులకు మందులిప్పింతురు, పేద విద్యార్థుల ఫీజులు కట్టుదురు. అభయదానమనగానే కసాయివాని చేతినుండి మేకను విడిపించుటయో, పింజరాపోలునకు చందా వ్రాయుటయో తలపునకు వచ్చును. అవి పుణ్యకార్యములే. అయితే మనుష్యునికి తోటి మనుష్యునివలన కలుగు భయము మాటేమి?

కళాశాలలో క్రొత్తగా చేరిన పిల్లల సంగతి చూడుడు. గుడియాత్తం నేతగాని కుమారుడు తరగతిలో కూర్చుండును. జవాబు తెలిసియు, ఇంగ్లీషు తప్పు పలికిన నవ్వుదురేమోయని నోరు తెరువడు. మరొకడు కులము బయటపడునని తండ్రిపేరు, ఊరిపేరు చెప్పుటకే జంకును. చక్రముల కుర్చీలో వచ్చిన బాలిక మెట్ల దగ్గరనే ఆగిపోవును. సూర్యాస్తమయము తరువాత భుజింపని జైన బాలుని హాస్టలు పిల్లలు వేళాకోళము చేయుదురు. వీరందరికిని సీటు దొరకినది, ఫీజు కట్టబడినది. అభయము మాత్రము దొరకలేదు. భయపడు మనస్సులో చదువు నిలువదు. కావున అభయదానము లేని విద్యాదానము సగము దానమే.

దీనికి సాక్ష్యము ఆర్కాడు సీమలోనే కలదు. 19వ శతాబ్దపు చివర ఐడా స్కడ్డర్ అను అమెరికా యువతి తిండివనములో తండ్రి ఇంట నుండగా, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వేరువేరుగా వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను కాపాడుమని వేడిరి. ఆమెకు వైద్యము తెలియదు. వైద్యుడైన ఆమె తండ్రి వచ్చుటకు, పరపురుషుడని వారు ఒప్పుకొనలేదు. ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె స్వదేశమునకు పోయి వైద్యము చదివి, 1900లో తిరిగి వచ్చి వేలూరిలో చికిత్స ప్రారంభించెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. అదియే నేటి క్రైస్తవ వైద్య కళాశాల. స్త్రీకి వైద్యవిద్య అందని లోకములో నష్టపోయినది స్త్రీ ఒక్కతెయే కాదు. ఆ ముగ్గురు భర్తలును ఇల్లాండ్రను పోగొట్టుకొనిరి. స్త్రీలకై తెరచిన ఆ తలుపు 1947లో పురుషులకును తెరువబడెను.

తలుపు తెరచిన చాలదు, లోపల చోటు చేయవలెను. అక్కడనే చదివిన డాక్టరు మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుపడెను. శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆమెను విడిచిపెట్టలేదు. ఆయన ప్రోత్సాహముతో ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. పిదప విదేశములలో శిక్షణ పొంది వచ్చి, వికలాంగులకు తిరిగి బ్రదుకు నేర్పు వైద్యశాఖకు నాయకురాలయ్యెను. వర్తకునికిది తెలియని లెక్క కాదు. గుమాస్తా కాలు కుంటుపడిన అతని కూడిక కుంటుపడదు. కూర్చుండు గద్దె మార్చిన సరిపోవును. ఉన్నతవిద్యలో వికలాంగులకు నూటికి 5కు తగ్గకుండ సీట్లు కేటాయింపవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ విద్యార్థులకు ర్యాంపు కట్టించుటకు దాతలు ముందుకు రావలెను.

మతభేదము సంగతియు నిట్టిదే. తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వేలూరు ఊరీసు కళాశాలలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళెను. మిషనరీలు హిందూమతముపై చేయు విమర్శలు ఆ యువకుని నొప్పించెను. ఆ నొప్పితోనే అతడు స్వమతమును లోతుగ చదివి, 1908లో వేదాంత నీతిని గూర్చిన వ్యాసము ప్రచురించెను. అతని గురువు ఏ. జి. హాగ్ క్రైస్తవుడయ్యును దానిని మెచ్చుకొనెను. తన నమ్మిక విడువకయే ఎదుటివాని చూపులోని సత్యాంశమును గుర్తించుటను జైనులు అనేకాంతమందురు. అయితే అవమానపడిన ప్రతి విద్యార్థియు రాధాకృష్ణన్ కాడు. చాలమంది చదువు మాని ఇంటికి పోవుదురు.

సమ్యగ్దర్శనమునకు మచ్చ తెచ్చు మదములు ఎనిమిదని శాస్త్రము. అందు కులమదము, జాతిమదము, ధనమదము, శరీరమదము కలవు. కళాశాలలో ఒకనిని వేరుచేయునవి ఈ నాలుగే. నియమముగ ఉపవసించు ఇంటి బిడ్డయు తోటివానిని కులము పేర ఎగతాళి చేసినయెడల ఆ వ్రతము కట్టుకొన్న పుణ్యమును మదము హరించును.

ఇందుకు కొందరు పెద్దలు, "అందరితో కలిసిన పిల్లల ఆచారము చెడదా?" అని అడుగుదురు. భయము సహజమే. తన కంచములో ఏమి పడవలెనో శ్రావకుడు నిష్ఠతో నిర్ణయించుకొనవలెను. ప్రక్కవాని కంచము చూచి ముఖము త్రిప్పుకొనుట నిష్ఠలోని భాగము కాదు, అది మానసిక హింస. 2014 జనవరి 27న కేంద్రప్రభుత్వము జైనులను జాతీయ అల్పసంఖ్యాక వర్గముగ ప్రకటించినది. జైన బాలునికి కందమూలములు లేని భోజనము పెట్టుడని హాస్టలువారిని కోరుట న్యాయమే. అట్లు కోరువారు ఇతరుల పండుగకు, భాషకు, తిండికి అదే మర్యాద ఈయవలెను. ఒకే త్రాసుతో కొని, అదే త్రాసుతో అమ్ముట వర్తకధర్మము గదా!

తమిళనాడులో ర్యాగింగును 1997లోనే చట్టము నిషేధించినది. చట్టము దోషిని శిక్షించును. ఒంటరివానికి ప్రక్కన చోటు చూపుట మనుష్యుల పని. కావున ఉపకారవేతన మిచ్చు దాత మార్కుల పట్టికతో పాటు, "నీకచట తోడెవరు? నిన్నెవరైన చులకన చేయుచున్నారా?" అనియు అడుగవలెను. కళాశాలకు పోవు బిడ్డకు డబ్బాలో మిఠాయి కట్టు తల్లి, గదిలోని క్రొత్తవానికిని ఒక పాలు కట్టవలెను. పర్యూషణము ముగిసిన పిమ్మట క్షమాపణ కోరునాడు, బంధుమిత్రులతో పాటు, తాను నొప్పించిన సహపాఠిని గూడ బిడ్డలు తలచుకొనునట్లు పెద్దలు నేర్పవలెను. అట్టి యిండ్లలో నాలుగు దానములును పూర్తియగును.

జై జినేంద్ర.