ఊపిరి యంత్రం ముందు విశ్వాసి

రాత్రి రెండు గంటలు. ఆసుపత్రిలో ఐసీయూ తలుపు బయట అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. లోపల డెబ్భై ఎనిమిదేళ్ళ తండ్రి పన్నెండు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. "ఇక కోలుకునే ఆశ లేదు. యంత్రం కొనసాగించాలో వద్దో మీరంతా కూర్చుని ఆలోచించుకోండి" అని డాక్టరు చెప్పి వెళ్ళాడు. "వద్దంటే అబ్బాను నా చేతులతో నేనే చంపినట్టవుతుంది కదా!" అని పెద్దవాడు కుమిలిపోతున్నాడు. "భాయీజాన్! కావాలంటే ఆయన్ను ఇంకా బాధపెట్టినట్టు కాదా?" అంటున్నాడు చిన్నవాడు.

ఇలాంటి దృశ్యం ఈనాడు మన కుటుంబాల్లో అరుదేమీ కాదు. మన తాతముత్తాతలకు ఈ ప్రశ్న ఎదురుకాలేదు. మరణఘడియ వచ్చిందంటే మంచం చుట్టూ చేరి కలిమా వినిపించేవారు. ఈనాడు ఆ ఘడియకూ మనిషికీ మధ్య ఒక యంత్రం వచ్చి నిలిచింది. దాన్ని పెట్టాలా, తీయాలా అన్న నిర్ణయం మన మీద పడింది. ఈ విషయంలో ధర్మం మనకు ఏం నేర్పుతోందో ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

వైద్యం, తవక్కుల్

మొదట ఒక అపోహ తొలగాలి. వైద్యం చేయించుకోవడం అల్లాహ్ పట్ల నమ్మకానికి విరుద్ధం కాదు. సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారిలోనే వెనుదిరిగారు. విధిరాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, తాము అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపునకే పోతున్నామని జవాబిచ్చారు. వ్యాధి ఆయన నిర్ణయమైతే మందూ ఆయన అనుగ్రహమే. యంత్రమూ అంతే.

కొందరు పల్లెవాసులు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దగ్గరికి వచ్చి, వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగిన సంఘటన హదీసు గ్రంథాల్లో ఉంది. చేయించుకోమన్నారు ఆయన. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు ఉంచాడని, ఒక్క దానికి మాత్రం ఉంచలేదని తెలియజేశారు. ఆ ఒక్కటి వృద్ధాప్యం. ఈ ఒక్క హదీసులోనే రెండు పాఠాలున్నాయి. చికిత్స కోసం ప్రయత్నించాలి. అయితే ప్రయత్నానికి ఒక సరిహద్దు ఉందని కూడా గుర్తించాలి.

యంత్రం దేనికోసం పుట్టింది?

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో మహమ్మారి విజృంభించింది. ఛాతీ కండరాలు చచ్చుబడి ఊపిరి అందక పిల్లలు, యువకులు వరుసగా చనిపోసాగారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు 12 ఏళ్ళ బాలిక గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ బాలిక బతికింది. ఆ తర్వాత వందలాది మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్ళు రోగుల పక్కన కూర్చుని ఆ సంచులను నొక్కారు. మరణాలు బాగా తగ్గిపోయాయి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. ఆ చేతులు చేసింది అలాంటి పుణ్యకార్యమే.

ఆ విద్యార్థులు ఏం చేశారో కాస్త గమనించండి. శరీరం తనంతట తాను కోలుకునే వరకు దానికి గడువు సంపాదించి పెట్టారు. నేటి వెంటిలేటర్ పని కూడా అదే. అది ఊపిరితిత్తుల జబ్బును నయం చేయదు. మందు పనిచేసే వరకు, శరీరం తేరుకునే వరకు మోస్తుంది. కనుక డాక్టరును మనం అడగవలసిన అసలు ప్రశ్న ఇది: ఈ యంత్రం కోలుకోవడానికి గడువు ఇస్తోందా? లేక మరణాన్ని సాగదీస్తోందా?

మొదటిది నిజమైతే ఓపిక పట్టాలి. స్పృహలో లేనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు. వయసు మళ్ళినవాడనో, సేవ చేయలేకపోతున్నామనో తొందరపడటం దుర్మార్గం. రెండోదని నిపుణులు నిర్ధారించినప్పుడు విషయం వేరు.

ధర్మవేత్తలు ఏమన్నారు?

1986లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ ఈ విషయాన్ని చర్చించింది. మెదడు పనులన్నీ శాశ్వతంగా ఆగిపోయాయని, ఇక తిరిగిరావని నిపుణులైన వైద్యులు నిర్ధారిస్తే, యంత్రబలంతో గుండె కొట్టుకుంటున్నా సరే, ఆ యంత్రాన్ని తొలగించవచ్చని తీర్మానించింది. మరుసటి ఏడాది మక్కాలోని ఫిఖ్‌హ్ మండలి కూడా తొలగింపును అనుమతించింది. అయితే గుండె, శ్వాస పూర్తిగా ఆగిన తర్వాతే మరణించినట్టు పరిగణించాలని చెప్పింది. వారసత్వం, ఇద్దత్ వంటివి ఆ ఘడియ నుంచే లెక్కకు వస్తాయి గనుక ఈ తేడా చిన్నదేమీ కాదు. మెదడు మరణం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. కాబట్టి అవసరం పడినప్పుడు డాక్టరుతోపాటు నమ్మకమైన ఆలిమ్‌నూ సంప్రదించాలి.

అయితే ప్రాణం తీసే సూది వేయడం వేరు, ప్రయోజనం లేని యంత్రాన్ని ఆపడం వేరు. మొదటిది హత్య. అది హరామ్. మన దేశ చట్టమూ దాన్ని ఒప్పుకోదు. రెండోదానికి సుప్రీంకోర్టు 2018 తీర్పులో షరతులతో అనుమతినిచ్చి, 2023లో ఆ పద్ధతిని కొంత సులభం చేసింది. రెండు వైద్య బృందాలు పరిశీలించి అంగీకరించాలి. అంటే ఆ అన్నదమ్ముల్లో ఏ ఒక్కరి మాటతోనో జరిగిపోయే పని కాదది. యంత్రం ఆపినా దాహం, నొప్పి, శుభ్రత చూసుకునే బాధ్యత మాత్రం చివరి శ్వాస వరకు మనదే.

డబ్బు మాట

పైకి చెప్పుకోలేని బాధ ఇంకొకటి ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి, కూతురి పెళ్ళికి దాచిన సొమ్ము ఖర్చుచేసి, ఇక చేతిలో ఏమీ లేక రోగిని ఇంటికి తెచ్చుకున్న కొడుకులు జీవితాంతం తమను తాము నిందించుకుంటూ ఉంటారు. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయడని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. శక్తి ఉండి పిసినారితనం చూపినవాడు జవాబు చెప్పుకోవాలి. శక్తి అయిపోయినవాడు కాదు. అలాంటి ఇంటిని లోకువగా మాట్లాడే బంధువులు, ఆ బిల్లులో తమ వంతు ఎంత ఇచ్చారో ఒకసారి ఆలోచించుకోవాలి.

మనం చేయగలిగినవి

చనిపోయే వారికి లా ఇలాహ ఇల్లల్లాహ్ గుర్తుచేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. అద్దాల గది బయట ఉండిపోయి ఆ బాధ్యతను కోల్పోకండి. ఇద్దరిని దగ్గరుండనివ్వమని డాక్టరును మర్యాదగా అడగండి. గొట్టాల మధ్య ఉన్నా ఆ చేయి మీ అబ్బాదే, ఆ చెవి మీ అమ్మీదే.

రెండోది వసీయత్. వీలునామా రాయవలసినది ఉన్న ముస్లిం, అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆస్తి గురించి రాసే రోజునే, ఆశ లేని స్థితి వస్తే తమకు ఎలాంటి వైద్యం కావాలో పెద్దలు పిల్లలతో మనసు విప్పి మాట్లాడాలి. తండ్రి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, ఐసీయూ తలుపు ముందు ఆ అన్నదమ్ములకు అంత వేదన ఉండేది కాదు.

పెద్దవాడి ప్రశ్నకు మేము చెప్పగలిగేది ఇంతే: ప్రాణం పోసినవాడు అల్లాహ్, తీసుకునేవాడూ ఆయనే. నిపుణులు నిర్ధారించాక, ధర్మవేత్తలను అడిగాక, ఆయన నిర్ణయానికి అడ్డంగా పెట్టిన యంత్రాన్ని తీసినవాడు తండ్రిని చంపినవాడు కాడు. తండ్రిని అల్లాహ్‌కు అప్పగించినవాడు.

అల్లాహ్ మన రోగులకు స్వస్థత చేకూర్చుగాక! మన వైద్యులకు దయనూ మనకు వివేకాన్నీ ప్రసాదించుగాక! మన చివరి మాట కలిమా అయ్యే భాగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.