అతుకు ఎక్కడ?

"వంద రోట్లో వేసి రుబ్బు." గళ్ల నుడికట్టులో ఒక ఆధారం ఇది: అడ్డం, రెండు గళ్లు. చదవగానే బుర్ర వంటింట్లోకి పోతుంది: వంద ఏమిటి, మిరపకాయలా, చింతకాయలా? నిజానికి అక్కడ వాక్యమే లేదు. 'వంద' ఒక అర్థం, 'రోట్లో వేసి రుబ్బు' ఇంకో అర్థం. రెంటికీ మాట ఒక్కటే, నూరు.

గూఢ ఆధారాల్లో ఈ జంట అర్థాల రకానిది బొత్తిగా పొట్టి ఒళ్లు. అక్షరాల తారుమారు ఉండదు, మాటలో మాట దాచడం ఉండదు. పట్టుకు లాగడానికి కొసే దొరకదు. శ్రీశ్రీ, ఆరుద్ర సరదాపడి గళ్లు కట్టిన భాషే అయినా, తెలుగులో ఈ రకం కట్టడం కష్టం. విభక్తి గుట్టు బయటపెట్టేస్తుంది. చెరువు అలుగునీ, మూతి ముడిచే అలుగునీ కలిపి "నీళ్లు పొర్లే చోట మూతి ముడుచుకో" అన్నామనుకోండి. వాక్యం నడిచింది గానీ అలుగంటే 'చోటు', 'చోట' కాదు. దిద్దితే వాక్యం కుంటుతుంది. జిమెనీజ్ పేరుతో అబ్జర్వర్ పత్రికకు గళ్లు కట్టిన మాక్‌నట్ 1966లో పుస్తకం రాసి మరీ పట్టుబట్టింది ఈ నిక్కచ్చితనం కోసమే. ఆధారంలో ఒక్క మాటా ఊరికే పడుండకూడదు. 'వంద' మాత్రం గట్టెక్కింది. పచ్చడి నూరు అంటాం, పచ్చడిని నూరు అనక్కర్లేదు. ప్రాణం లేనివాటికి 'ని' వదిలేసే మన అలవాటులోనే అతుకు దాక్కుంది.

ఇది శ్లేషే కదా అంటారు. నాకలా తోచదు. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రాముడి కథా చెబుతుంది, పాండవుల కథా చెబుతుంది, రెండూ నిలబడాలి. ఇక్కడ జవాబు తట్టిన మరుక్షణం రోలూ లేదు, మిరపకాయలూ లేవు. మరి ఆ వంటిల్లు ఎవరు కట్టినట్టు? ఆధారం రాసినాయన రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు. కట్టింది చదివినవాళ్లమే.

నిన్న స్నేహితుడితో మాటామాటా వచ్చింది. ఇవాళ అతను ఫోను ఎత్తలేదు. ఇవీ రెండు ముక్కలే. మధ్యలో 'అందుకే' అని అతికేసి, సాయంత్రం దాకా దాన్నే నములుతాం. అలాగని అతకడం మానేస్తే ఏ వాక్యమూ చదవలేం, ఏ మనిషీ అర్థం కాడు.

మొదటి చూపులోనే అతుకు పట్టేసే చేయి తిరిగినవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు అసూయ లేదు. ఆ అబద్ధపు వాక్యాన్ని ఒక్క నిమిషమైనా నమ్మకుండా పెన్ను పెట్టేస్తే, ఆధారం రాసినాయన పడ్డ కష్టమంతా ఏమైనట్టు?