మూలగని చాకిరీ

శావల్యాపురంలో రైలు కూతకి ఎవరి నిద్రా చెడదు. గాజుతొట్టెలో చేపల పంపు గుయ్‌మంటే మాత్రం కునుకు పట్టదు! చప్పుడు లేని ఫిల్టరు కావాలంటాం. దొరుకుతుంది. తొట్టె కింద పెట్టే డబ్బా ఫిల్టరు గాలిపంపులా గోలచేయదు. కానీ పది చేపలు పట్టే చోట పాతిక వేసిందెవరండీ?

చేపలు వదిలే అమ్మోనియా చేపలకే విషం. ఫిల్టరు స్పాంజిలో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. నిద్రకోసం రాత్రి స్విచ్చి కట్టేస్తే వాటికీ, చేపలకీ ప్రాణవాయువు కరువే.

బరువంతా మోయాలి, మూలగకూడదు! ఈ మాట మనకి కొత్తా?

మంచి ఫిల్టరే కొనండి. ముందు కొన్ని చేపల్ని చోటున్న తొట్టెకి సాగనంపండి. ఇంటి చాకిరీకైనా, నీటి చాకిరీకైనా బరువు తగ్గితే మూలుగు దానంతటదే తగ్గుతుంది.