చావని వాడి శిక్ష

హాంకాంగ్ సినిమా ‘ఇన్ఫర్నల్ అఫైర్స్’ (2002) అసలు చైనీస్ పేరు బౌద్ధుల ఎడతెగని నరకాన్ని, అవీచిని, సూచిస్తుంది. మనకీ అది కొత్త మాటేం కాదు. భాగవతంలో దొంగసాక్ష్యం చెప్పినవాళ్లని పడేసే నరకానిదీ ఇంచుమించు అదే పేరు. పోలీసు యూనిఫాంలో తిరిగే గ్యాంగ్ మనిషికి ఇంతకంటే సరిపోయే చోటుంటుందా!

ఆ మనిషి, అంటే ఆండీ లా పాత్ర, చివరికి చావడు. తన గుట్టు తెలిసిన ఇంకో దొంగ పోలీసుని లిఫ్ట్‌లో కాల్చేసి, ఐడీ కార్డు చూపిస్తూ బయటికొస్తాడు. టోనీ లెంగ్ పాత్ర సమాధి దగ్గర సెల్యూట్ కూడా చేస్తాడు. స్కోర్సెసీ రీమేక్ ‘ది డిపార్టెడ్’ (2006)లో మాట్ డేమన్ ఇంటికొచ్చేసరికి మార్క్ వాల్‌బర్గ్ తుపాకీతో కాచుకుని ఉంటాడు. ఒక్క బుల్లెట్, లెక్క సరి. ఆ తర్వాత బాల్కనీ రెయిలింగ్ మీద ఎలుక. (ఆ ఎలుక లేకపోయినా మాకు అర్థమయ్యేది సార్.) తమాషా ఏంటంటే, చైనా మెయిన్‌ల్యాండ్ కోసం తీసిన ముగింపులోనూ ఆండీ లా అరెస్టవుతాడు. తప్పు చేసినవాడు తప్పించుకోవడం అటు హాలీవుడ్‌కీ పడలేదు, ఇటు చైనా సెన్సారుకీ పడలేదు.

శిక్ష మనసులో పడితే చాలా? ప్రమోషన్, జీతం, గౌరవం అన్నీ ఉంచుకుని పడే నరకం చచ్చినవాడికి ఏం న్యాయం చేసినట్టు? ఈ అభ్యంతరం నాకూ బలమైనదే అనిపిస్తుంది. అయినా హాంకాంగ్ ముగింపువైపే మొగ్గుతాను. డేమన్ పాత్రకి దొరక్కపోతే చాలు, వాడికి బుల్లెట్ సరిపోతుంది. ఆండీ లా పాత్రకి నిజంగానే మంచివాడవ్వాలని ఉంది. లిఫ్ట్‌లో హత్య చేయించింది ఆ కోరికే.