స్థూలకాయానికి శస్త్రచికిత్స: షరీఅత్ ఏమంటుంది?

కొన్ని నెలల క్రితం విశాఖపట్నంలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, గాజువాకలో నివాసం. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అసలు విషయం చెప్పారు. "మౌలానా సాబ్! మా ఇంట్లో ఆమె బరువు 98 కిలోలు. షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్ళు వంగక మూడేళ్ళుగా కుర్చీలో కూర్చునే నమాజు చేస్తోంది. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు అంటున్నారు. అమ్మీ మాత్రం ఒప్పుకోవడం లేదు. 'నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటుందా? అల్లాహ్ ఇచ్చిన శరీరాన్ని కోసి పారేయడం గునాహ్ కాదా?' అంటోంది. మేమేం చేయాలి?"

ఆ తల్లి మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి: స్థూలకాయం రోగమా, లేక తిండిపోతుతనమనే పాపానికి ఫలితమా? రెండు: ఆరోగ్యంగా ఉన్న కడుపును కోయడం సృష్టిలో జోక్యం చేసుకోవడం కాదా?

రోగమా? పాపమా?

మితిమీరి తినడాన్ని ఇస్లాం ఇష్టపడదన్నది నిజం. తినండి, త్రాగండి కాని మితిమీరకండి అనే భావం దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో ఉంది. మనిషి తన కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు కేటాయించుకోవాలని దైవప్రవక్త (స) బోధించినట్లు మిఖ్దాం (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీలో ఉంది.

అయితే ఈ బోధ ఎవరికి? లావుగా ఉన్నవారికి మాత్రమేనా? కాదు. వలీమాలో రెండుసార్లు బిర్యానీ వడ్డించుకుని, ఆపైన ఖుబానీ మీఠా కూడా లాగించేసి, అయినా సన్నగానే ఉండే సోదరునికి కూడా ఇది వర్తిస్తుంది. అతని పాపం ఒంటిమీద కనబడదు, అంతే! మరోవైపు మితంగా తిన్నా లావెక్కేవారున్నారు. వంశపారంపర్యం, థైరాయిడ్ లోపం, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, రాత్రి షిఫ్టులు, ఇల్లు దాటి నడిచే వీల్లేని జీవితం... కారణాలు అనేకం. పైగా ఒకసారి పెరిగిన బరువును తగ్గించుకోబోతే శరీరమే ఎదురు తిరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కేలరీల ఖర్చు తగ్గుతుంది. అందుకే ఎంతోమంది ఎంతో కష్టపడి పది కిలోలు తగ్గి, ఏడాది తిరక్కుండానే పన్నెండు కిలోలు పెరుగుతారు.

2017 ఫిబ్రవరిలో ఈజిప్టుకు చెందిన ఇమాన్ అహ్మద్ అనే సోదరిని శస్త్రచికిత్స కోసం విమానంలో ముంబయి తీసుకొచ్చారు. అప్పుడామె బరువు సుమారు 500 కిలోలని వార్తలొచ్చాయి. ఆమెకు చిన్నతనం నుంచే ఆ జబ్బు ఉంది. ఏళ్ళ తరబడి మంచం దిగలేదు. ఆ పసిపిల్లను ఏ నోటితో తిండిపోతు అనగలం? శస్త్రచికిత్స తర్వాత బరువు తగ్గినా, అదే ఏడాది సెప్టెంబరు 25న అబూదాబీలో ఆమె కన్నుమూశారు. అల్లాహ్ ఆమెను కరుణించుగాక! చికిత్స మన చేతిలో ఉంది, స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది.

కాబట్టి ఒక మనిషి నడుము చుట్టుకొలత చూసి అతని నఫ్స్‌పై తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) కాళ్ళు బాగా సన్నగా ఉండేవి. అవి చూసి కొందరు సహచరులు నవ్వితే, ప్రళయదినాన త్రాసులో అవి ఉహుద్ పర్వతం కన్నా బరువు తూగుతాయని దైవప్రవక్త (స) వారికి తెలియజేశారు. సన్నని కాళ్ళను చూసి నవ్వడం తప్పయితే లావు శరీరాన్ని చూసి నవ్వడం ఒప్పవుతుందా? అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, మారుపేర్లతో పిలవడాన్ని వారిస్తోంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసిన మన అక్కాచెల్లెళ్ళను అడగండి, ఎందుకు మానేశారో చెబుతారు.

సృష్టిని మార్చడమా?

ఇక రెండో ప్రశ్న. అల్లాహ్ సృష్టిని మార్చమని షైతాన్ మనుషుల్ని పురికొల్పుతాడని అన్ నిసా సూరా 119వ ఆయతు హెచ్చరిస్తోంది. అయితే చికిత్స ఈ కోవలోకి రాదు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన వేయగా, బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం దాన్ని ధర్మసమ్మతం చేసింది. చికిత్స చేయించుకోవచ్చా అని అడిగిన పల్లెవాసులతో, చేయించుకోండి, వృద్ధాప్యం తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా పంపాడు అని ఆయన (స) చెప్పినట్లు ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు.

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమై ఈ విషయంపై తీర్మానం చేసింది. దాని సారాంశం ఇది: బరువు ఒక రోగస్థితిగా మారినప్పుడు, శస్త్రచికిత్స తప్ప వేరే మార్గం లేనప్పుడు, హాని కలగదన్న భరోసా ఉంటే శస్త్రచికిత్స ద్వారా బరువు తగ్గించుకోవచ్చు. ఇక్కడ మూడు షరతులున్నాయి. మూడూ ముఖ్యమే.

మొదటిది రోగం. బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. ఆ సోదరి ఎత్తు 150 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 43 పైమాటే. మన దేశంలో వైద్యులు చాలాకాలంగా 37.5 దాటినవారికి, లేదా షుగరు వంటి జబ్బులుండి 32.5 దాటినవారికి ఈ ఆపరేషన్ సూచిస్తూ వచ్చారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఈ హద్దును మరికొంత తగ్గించాయి. నిఖాహ్ ఫోటోల్లో సన్నగా కనబడాలనే కోరిక మాత్రం రోగం కాదు. 2015 జూన్ 6న తెలుగు సినీనటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో మరణించారు. అంతకు కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. మరణానికి అదే కారణమని మనం తీర్పు చెప్పలేం. కాని అందం విషయంలో లోకం పెట్టే ఒత్తిడి ఎంత బరువైనదో ఆలోచించాలి.

రెండోది, వేరే మార్గం లేకపోవడం. ఆహార నియమం, నడక మనస్ఫూర్తిగా ప్రయత్నించి చూడాలి. 2025లో మౌంజారో, వెగోవీ అనే ఇంజెక్షన్లు కూడా మన దేశంలోకి వచ్చాయి. అవి సరిపడతాయేమో వైద్యుణ్ణి అడగాలి.

మూడోది భద్రత. స్లీవ్ అనే పద్ధతిలో కడుపులో దాదాపు మూడు వంతులు కోసి తీసేస్తారు. దాన్ని తిరిగి అతికించడం కుదరదు. అనుభవజ్ఞులైన చేతుల్లో ప్రాణాపాయం తక్కువే గాని, అసలు లేదనడం అబద్ధం. అందుకే ఆపరేషన్ చేసే వైద్యుని మాటతోనే సరిపెట్టుకోక, కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో మరో వైద్యుని సలహా కూడా తీసుకోవాలి.

ఆపరేషన్ తర్వాత

ఆపరేషన్ చేయించుకుంటే సబ్ర్‌తో పని లేదనుకోకండి. కొద్దికొద్దిగా తినాలి, బాగా నమలాలి, నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా త్రాగాలి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. తీపి తినుబండారాలు మానకపోతే బరువు మళ్ళీ పెరుగుతుంది. వైద్యుని కత్తి కడుపును చిన్నది చేస్తుందే గాని నఫ్స్‌ను కాదు. ఆ జిహాద్ మనమే చేయాలి. రమజాన్ ఉపవాసాల విషయం వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడం ఈమాన్ లోపం కాదు. లక్షల్లో అయ్యే ఖర్చుకు వడ్డీ అప్పు జోలికి పోకుండా, బంధువులు ముందుకొచ్చి ఖర్జె హసనా ఇస్తే అదెంతో పుణ్యకార్యం.

ఆ సోదరునితో నేను ఇదే చెప్పాను. ఆయన వెళ్తూ, "అమ్మీకి ఏం చెప్పను?" అనడిగారు. "కోడలు మళ్ళీ నుదురు నేలకానించి సజ్దా చేయగలగాలని దుఆ చేయమని చెప్పండి. ఆ దుఆ చేసే తల్లి ఇక ఎగతాళి చేయదు, ఇన్‌షా అల్లాహ్!" అన్నాను.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత చేకూర్చుగాక! మన నాలుకలను తోటివారి మనసు గాయపరచకుండా కాపాడుగాక! ఆమీన్.